గోపన్‌పల్లి పేరున్న కుర్చీలు

హైదరాబాద్ రాయదుర్గంలో ఉద్యోగం చేసేవాళ్ళెవరూ గోపన్‌పల్లిలో ఉండరు. ఉన్నా ఉన్నామని చెప్పరు. ఎక్కడుంటారని అడిగితే గచ్చిబౌలి అంటారు. ఇంకాస్త గుచ్చి అడిగితే గచ్చిబౌలి దాటాక కొంచెం లోపలికి అంటారు. నిజం చెప్పేది క్యాబ్ డ్రైవరు ఒక్కడికే, ఎందుకంటే అతని దగ్గర గొప్పలకు పోతే ఇల్లు చేరరు.

రోహిణి కూడా ఆరేళ్ళుగా గచ్చిబౌలి అనే చెబుతోంది. అపార్ట్‌మెంట్లలోకి కొత్తగా వచ్చినవాళ్ళు అలా చెప్పుకుంటే పోనీలే అనుకోవచ్చు. రోహిణి పుట్టిందే గోపన్‌పల్లిలో. పాత ఊళ్ళో, నడిబొడ్డున పాతిన బొడ్రాయికి నాలుగిళ్ళ అవతల, ముందు రేకుల షెడ్డు, వెనక రెండు గదులు ఉన్న ఇల్లు వాళ్ళది. ఆ షెడ్డులో వాళ్ళ నాయిన బాలనర్సయ్య టెంట్ హౌస్ నడుపుతాడు. షామియానాలు, జంపఖానాలు, వంటల పెద్ద బగోనలు, ప్లాస్టిక్ కుర్చీలు కిరాయికి ఇస్తాడు. ప్రతి కుర్చీ వీపు మీదా ఎర్ర రంగుతో పైన 'బి.ఎన్.' అని, కింద 'గోపన్‌పల్లి' అని ఉంటుంది. బగోనల మీదయితే ఆ పేరు సుత్తితో కొట్టించి ఉంటుంది. టెంట్ హౌసులన్నింటిలో అదే ఆనవాయితీ. ఒక పెళ్ళికి రెండు మూడు చోట్ల నుంచి సామాను వస్తుంది. పని అయ్యాక పేరు లేని గిన్నె ఎవరి బండెక్కి పోతుందో దేవుడికే తెలియాలి.

రోహిణి పనిచేసే కంపెనీ పేరు వేడుకబండి. పెళ్ళికో, గృహప్రవేశానికో టెంట్ హౌసు కావాలన్నా, వంటవాళ్ళు కావాలన్నా ఎవరు ఎక్కడున్నారో చూపించే వెబ్‌సైటు అది. జనం గూగుల్‌లో వెతికినప్పుడు తమ సైటు పేజీలు పైన కనిపించేట్టు చూడడం రోహిణి పని. ట్రైనీగా చేరిన కొత్తలో ఆమె చేత్తో టైపు చేసిన మొదటి పేజీ వాళ్ళ నాయిన టెంట్ హౌసుదే. ఆ సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఆ పేజీ మెల్లగా పైకి ఎక్కింది. గోపన్‌పల్లిలో టెంట్ హౌస్ అని ఎవరు వెతికినా మొదట బాలనర్సయ్య నంబరే వచ్చేది. ఊళ్ళో వాళ్ళు ఎలాగూ ఇంటికొచ్చి అడుగుతారు, ఫోన్లు చేసేది మాత్రం కొత్త అపార్ట్‌మెంట్ల వాళ్ళు. శ్రావణం వచ్చిందంటే గృహప్రవేశాల మీద గృహప్రవేశాలు, బాలనర్సయ్యకు అన్నం తినే తీరిక ఉండేది కాదు. అంతా బిడ్డ నౌకరి పుణ్యమని కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకునేవాడు.

ఆ బిడ్డ మాత్రం తండ్రి పని గురించి ఎక్కడా చెప్పుకునేది కాదు. ఆఫీసులో డిజైన్ చూసే ప్రశాంతి పోయినేడు గోపన్‌పల్లిలోనే ఫ్లాటు కొంది. గృహప్రవేశానికి ఆఫీసంతా వెళ్ళింది. రోహిణి జ్వరమని చెప్పి మానేసింది. ఆ రోజు పొద్దున్నే బాలనర్సయ్య లుంగీ ఎగ్గట్టుకుని ట్రాలీ ఆటోలో కుర్చీలు ఎక్కిస్తూ, ఫలానా టవరుకు పోతున్నానని అనడం ఆమె విన్నది. కుర్చీలు దింపే మనిషి "బిడ్డా, నువ్వు గూడ వచ్చినవా" అని నలుగురిలో పిలిస్తే ఏం చెయ్యాలో ఆమెకు తోచలేదు. ఇంట్లో పడుకుని, లేని జ్వరానికి నిజంగానే మాత్ర వేసుకుంది.

ఇదిలా ఉండగా వేడుకబండి పాత సైటును తీసేసి కొత్తది కట్టాలని యజమాని ఉదయ్ భాస్కర్ నిర్ణయించాడు. పాత సైటులో పేజీల చిరునామాలన్నీ ఉత్త అంకెలు. మనిషికి అర్థం కావు, గూగుల్‌కూ పెద్దగా అర్థం కావు. కొత్త సైటులో చిరునామా చదివితేనే ఏ పేజీయో తెలియాలి. ముందు నగరం పేరు, ఆ తర్వాత ఏరియా పేరు, ఆ తర్వాత పని పేరు, చివర షాపు పేరు. ఆ వరుస తయారు చేసే బాధ్యత రోహిణిది. ఏ ఊరి పేరుతో జనం ఎంత వెతుకుతున్నారో నెల రోజులు కూర్చుని చూసింది. చూస్తే ఒక సంగతి తేలింది. బంధువులకు చెప్పుకునేటప్పుడు గచ్చిబౌలి అనే జనమే, ఇంటికి కుర్చీలు కావాల్సి వచ్చినప్పుడు గోపన్‌పల్లి అని టైపు చేస్తున్నారు. నానక్‌రామ్‌గూడ సంగతీ అంతే. అందుకే ఏ ఊరికి ఆ ఊరిని విడిగా ఉంచి చిరునామాలు రాసుకుని మీటింగుకు వెళ్ళింది.

ఉదయ్ భాస్కర్ చెడ్డవాడేం కాదు. భీమవరం నుంచి వచ్చి, కంపెనీ పెట్టి, జీతాలు వేళకు ఇస్తున్నవాడు. కాకపోతే కోటి పైన పలికే ఫ్లాట్ల బ్రోచర్లు చూసి చూసి ఊళ్ళ పేర్లంటే చులకన వచ్చేసింది.

"రోహిణి గారూ, ఇదేంటండీ? నానక్‌రామ్‌గూడ, గోపన్‌పల్లి, వట్టినాగులపల్లి... ఎమ్మార్వో ఆఫీసులో కూర్చున్నట్టుందండీ నాకు."

అందరూ నవ్వారు. రోహిణి కూడా నవ్వింది.

"మన కస్టమరు ఎవరండీ? ఇంత పెట్టి ఫ్లాటు కొన్నవాడు తనది గోపన్‌పల్లి అంటాడా? ప్రశాంతి గారూ, మీరు చెప్పండి, మీరు ఎక్కడ ఉంటున్నారండీ?"

"గచ్చిబౌలి సర్," అంది ప్రశాంతి. మళ్ళీ అందరూ నవ్వారు.

"చూశారా! ఇన్ని ఊళ్ళు వద్దండీ. ఆరు జోన్లు చేద్దాం. ఇటువైపు ఊళ్ళన్నీ కలిపి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ అని పెట్టేయండి. చిరునామా పొట్టిగా ఉంటుంది, చూడ్డానికి దర్జాగా ఉంటుంది. ఏమంటారు? మీకు అభ్యంతరం ఉంటే చెప్పండి, వింటాను."

ఉదయ్ భాస్కర్ ఆ చివరి మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. రోహిణి ల్యాప్‌టాప్‌లో తర్వాతి స్లయిడ్‌లోనే ఊళ్ళ వారీ లెక్కంతా ఉంది. ఒక్క మీట నొక్కితే తెర మీదికి వచ్చేది. కానీ గోపన్‌పల్లి కోసం వాదిస్తే, దాని మీద మీకెందుకండీ అంత ప్రేమ అని ఎవరో ఒకరు అడుగుతారు. అక్కడినుంచి ఇల్లు, షెడ్డు, కుర్చీలు, లేని జ్వరం, అన్నీ బయటికి వస్తాయి. నిజానికి ఎవరూ అడిగేవాళ్ళు కాదేమో. దాచుకునేది ఉన్నవాళ్ళకు అందరూ తమనే చూస్తున్నట్టుంటుంది.

"ఓకే సర్," అంది రోహిణి, స్లయిడ్ మార్చకుండానే.

ఇక ఆ తర్వాత పనిలో మాత్రం ఆమెకు వంక పెట్టడానికి లేదు. సైటు మారినప్పుడు పాత చిరునామాకు వచ్చినవాడు దిక్కుతోచక నిలబడకూడదు, తిన్నగా కొత్త చిరునామాకు చేరాలి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు బాలనర్సయ్య షాపు మెయిన్ రోడ్డు మీద నుంచి ఇంటి ముందరి షెడ్డుకు మారింది. అప్పుడు పాత చోట కరెంటు స్తంభానికి 'షాపు ఊళ్ళోకి మారినది' అని బాణం గుర్తుతో రేకు కట్టాడు. ఇదీ అలాంటి రేకు కట్టడమే, కాకపోతే వేల పేజీలకు కట్టాలి. ప్రోగ్రామర్ ఓంకార్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో పాత పేజీకి దాని కొత్త పేజీని జత చేయించింది. తేలిగ్గా అయిపోతుందని అన్నింటినీ మొదటి పేజీకి పంపేద్దామని ఓంకార్ అంటే గట్టిగా కసురుకుంది. వాళ్ళ నాయిన పేజీ కూడా అన్నింటితో పాటు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ కిందికి వెళ్ళింది. దాని పైన పేరు 'ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో టెంట్ హౌస్' అని మారింది. అది చూసినప్పుడు రోహిణికి మనసులో ముల్లు గుచ్చుకున్నట్టయింది, అయినా తర్వాతి పేజీకి వెళ్ళిపోయింది.

కొత్త సైటు విడుదలకు ముహూర్తం కావాలన్నాడు ఉదయ్ భాస్కర్. వాళ్ళ సిద్ధాంతి పట్టాభిరామయ్యగారు ఫోనులోనే పంచాంగం తిప్పి, ఆషాఢం వస్తే శూన్యమాసం, జ్యేష్ఠం వెళ్ళేలోపే కానివ్వమన్నారు. ఆఫీసు ఉన్న పన్నెండో అంతస్తులో హారతి వెలిగిస్తే అలారం మోగుతుందని టవర్ వాళ్ళు ఒప్పుకోలేదు. అందుకని అందరూ కింద పార్కింగులో కొబ్బరికాయ కొట్టి, లిఫ్టెక్కి వచ్చి మీట నొక్కారు. సైటు ఎక్కడా ఆగలేదు. ఒక్క పేజీ కూడా దారి తప్పలేదు. ఉదయ్ భాస్కర్ అందరి ముందు రోహిణిని మెచ్చుకున్నాడు.

తర్వాత ఆషాఢం వచ్చింది. ఫోన్లు తగ్గాయి. పెళ్ళిళ్ళ వ్యాపారంలో ఆషాఢంలో ఫోన్లు తగ్గకపోతేనే ఆశ్చర్యపోవాలి కనుక ఎవరూ పట్టించుకోలేదు. సైటు మారాక కొన్నాళ్ళు గూగుల్‌లో కాస్త కిందికి జారడం మామూలేనని రోహిణి కూడా సర్దిచెప్పుకుంది. అటు గోపన్‌పల్లిలో బాలనర్సయ్య బోనాలకు ఊరివాళ్ళు అడిగిన షామియానాలు వేసి, మిగతా రోజులు బగోనలకు కళాయి వేయించుకున్నాడు. ముహూర్తం పెట్టించుకుని మరీ గండాన్ని ఆషాఢం చాటున దాచుకున్నారు వేడుకబండి వాళ్ళు.

శ్రావణం వచ్చింది. మొదటి శుక్రవారం వెళ్ళింది. బాలనర్సయ్య ఫోను మోగలేదు. అతను దాన్ని చార్జింగులో పెట్టేవాడు, తీసేవాడు, గేటు దగ్గరికి వెళ్ళి సిగ్నలు చూసుకునేవాడు. ఒక సాయంత్రం రోహిణి ఆఫీసు నుంచి వచ్చేసరికి షెడ్డు ముందు కూర్చుని ఫోను చేతికిచ్చాడు.

"జర చూడు బిడ్డా. ఖరాబైనట్టుంది. ఫోన్లు వస్తలేవు."

రోహిణి తన ఫోను నుంచి కలిపింది. తండ్రి చేతిలో ఫోను గట్టిగా మోగింది. ఇద్దరూ కాసేపు దాన్ని చూశారు.

"మంచిగనే ఉన్నట్టుంది," అన్నాడు బాలనర్సయ్య, లేచి లోపలికి వెళ్తూ.

వంటింట్లో తల్లి కనకలక్ష్మి అసలు సంగతి చెప్పింది. "నానక్‌రామ్‌గూడల ఈవెంట్ల కంపెనీ నడిపే శ్యామ్ లేడా, మొన్న ఇంటికొచ్చిండు. సామానంత ఒక్కసారే కొంట అంటున్నడు. మీ నాయిన ఏమనలే. శ్రావణం చూస్త, నడవకుంటే నీకే ఇచ్చేస్త అన్నడు. రాత్రి నిద్రపోతలేడు బిడ్డా. ఆ బగోనలు అమ్ముకుంటే ఆయన బతుకుతడా చెప్పు?"

రోహిణి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని, గోపన్‌పల్లి టెంట్ హౌస్ అని ఫోనులో టైపు చేసింది. మొదటి పేజీలో వాళ్ళ నాయిన లేడు. రెండో పేజీలోనూ లేడు. అందరికంటే పైన శ్యామ్ కంపెనీ ఉంది. అతను తన సైటులో గోపన్‌పల్లికి కూడా వస్తామని ఒక పేజీ రాసి పెట్టుకున్నాడు. ఊరి పేరు వేడుకబండి వదిలేస్తే అతను ఏరుకున్నాడు. బాలనర్సయ్య పేజీలో ఇప్పుడు గోపన్‌పల్లి అన్న మాటే లేదు, ఉన్నదల్లా ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్. ఆ పేరుతో వెతికితే పెద్ద పెద్ద కంపెనీల కింద, ఎవరూ చూడనంత లోతులో ఉన్నాడు.

ఆమెకు ఇక ఆలోచించాల్సిన పనిలేకపోయింది. ఇది ఆషాఢం చేసింది కాదు, గూగుల్ చేసింది కాదు. ఆ రోజు మీటింగులో తను నోరు విప్పకపోవడం చేసింది. తండ్రి దగ్గరికి వెళ్ళి చెబుదామనుకుంది. ఏమని చెప్పాలి? నీ ఊరి పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడ్డానని ఎలా చెప్పాలి? ఆ రాత్రీ చెప్పలేదు, మర్నాడూ చెప్పలేదు. ఆఫీసులోనూ రెండుసార్లు ఉదయ్ భాస్కర్ క్యాబిన్ దాకా వెళ్ళి వేరే పని ఏదో అడిగి వచ్చేసింది.

ఆ శనివారం పొద్దున్న షెడ్డులోంచి రంగు వాసన వస్తుంటే బయటికి వచ్చింది. బాలనర్సయ్య కింద గోనెసంచి పరుచుకుని, కుర్చీలు ముందేసుకుని కూర్చున్నాడు. ప్రతి కుర్చీ వీపు మీదా 'బి.ఎన్.' అలాగే ఉంచి, దాని కింద గోపన్‌పల్లి అన్న పేరు మీద తెల్ల రంగు పూస్తున్నాడు. అప్పటికే ఆరిన కుర్చీల మీద కొత్తగా అక్షరాలు కోయించిన రేకు పెట్టి ఎర్ర రంగు అద్దుతున్నాడు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్. పేరు పొడుగు కనుక చివరి అక్షరాలు కుర్చీ అంచు దాటి పోతున్నాయి.

"నాయినా! ఏంది గిది?"

"పేరు మారుస్తున్న బిడ్డా." బాలనర్సయ్య తల ఎత్తకుండానే చెప్పాడు. "ఫోన్లు ఎందుకు వస్తలేవో నాకిప్పుడు సమజైంది. పక్కింటి పోరగానితోని మీ కంపెనీ దాంట్ల నా పేరు తీపిచ్చి చూసిన. మీరు ఎప్పుడో మార్చిండ్రు, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ అని. నేనే ఇంక గోపన్‌పల్లి పట్టుకోని కూసున్న."

"అట్ల కాదు నాయినా..."

"ఎట్ల కాదు? ఇంత చదువుకున్నోళ్ళు ఊకెనే రాస్తరా? పెద్ద పెద్ద టవర్లోళ్ళు వస్తున్నరు, వాళ్ళ ముంగట గోపన్‌పల్లి కుర్చీలేస్తే నామోషిగ ఉంటదేమో. మనకు తెల్వది గని వాళ్ళకు ఉంటది కదా." కుంచె డబ్బాలో ముంచి, మెల్లగా అన్నాడు. "నువ్వు రాసిందే కదా బిడ్డా. నువ్వు రాస్తే మంచికే రాస్తవ్."

రోహిణికి ఏడుపు ఆగలేదు. గోనెసంచి మీద తండ్రి పక్కన కూలబడి, చేతిలోంచి కుంచె లాక్కుంది. బాలనర్సయ్య కంగారుపడ్డాడు. కనకలక్ష్మి వంటింట్లోంచి పరుగున వచ్చింది. రోహిణి అంతా చెప్పేసింది. మీటింగు గురించి చెప్పింది, నవ్వినవాళ్ళ గురించి, వాళ్ళతో కలిసి తను నవ్వడం గురించి చెప్పింది. ఆరేళ్ళుగా గచ్చిబౌలి అంటున్నానని చెప్పింది. ప్రశాంతి గృహప్రవేశం రోజు తనకు జ్వరం లేదని కూడా చెప్పింది.

బాలనర్సయ్య చేతికి అంటిన రంగును గోనెసంచికి తుడుచుకున్నాడు.

"ఆ రోజు నాకెర్కనే," అన్నాడు. "నువ్వు ఆడికి రాలేదు గని నీ ఆఫీసోళ్ళు వచ్చిండ్రు కదా. వాళ్ళల్ల వాళ్ళు అనుకుంటుంటె విన్న, రోహిణికి జరమంట అని. పొద్దున్న మంచిగనే ఉండె కదా అనుకున్న. పోనీ, బిడ్డ ఇష్టం అనుకున్న."

ఆ మాటతో రోహిణికి మిగిలిన కాస్త ధైర్యం కూడా పోయింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. కానీ బాలనర్సయ్య తిట్టే మనిషి కాదు. రంగు డబ్బా మూత పెట్టి, రంగు వేసిన కుర్చీలను ఒక పక్కకు, వెయ్యనివాటిని ఒక పక్కకు సర్దాడు.

"ఇగ ఇప్పుడు మళ్ళ సక్కగ అయితదా?" అని అడిగాడు.

"అయితది నాయినా. కానీ టైం పడ్తది. శ్రావణం అందుతదో లేదో చెప్పలేను."

"శ్యామ్‌కు శ్రావణం దాక అని మాటిచ్చిన," అన్నాడు బాలనర్సయ్య.

సోమవారం మీటింగులో రోహిణి అడగకుండానే లేచి, తన ల్యాప్‌టాప్ తెరకు తగిలించింది. ఆ రోజు చూపించని స్లయిడ్ చూపించింది. ఏ ఊరి పేరుతో ఎంతమంది వెతుకుతున్నారో, సైటు మారాక ఆ ఊళ్ళలో వేడుకబండి ఎంత పడిపోయిందో వివరంగా చెప్పింది. ఆషాఢం మాట ఎవరో ఎత్తితే, పోయినేటి ఆషాఢంతో పోల్చి చూపించింది. ఉదయ్ భాస్కర్ నవ్వలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఈ లెక్క ఎప్పటిదండీ?"

"ఊళ్ళ లెక్క సైటు మారకముందుదే సర్. ఆ రోజు నా దగ్గరే ఉండె."

"మరి అప్పుడెందుకు చూపించలేదండీ? అభ్యంతరం ఉంటే చెప్పమన్నాను కదా."

గదిలో అందరూ రోహిణి వైపు తిరిగారు. ఈసారి నిజంగానే ఆమెనే చూస్తున్నారు.

"మాది గోపన్‌పల్లి సర్. గచ్చిబౌలి కాదు. మా నాయినది ఆడ టెంట్ హౌస్. చెప్తే నవ్వుతరని చెప్పలేదు. ప్రశాంతీ, నీ గృహప్రవేశం రోజు నాకు జ్వరం లేదు. ఆ కుర్చీలు దింపింది మా నాయిన."

ప్రశాంతి మొహం ఎర్రబడింది.

"బి.ఎన్. గోపన్‌పల్లి... ఆ కుర్చీలా? అంకులేనా? వర్షం వస్తే అడక్కుండానే ఇంకో షామియానా కట్టి వెళ్ళారు రోహిణీ," అని, ఉదయ్ భాస్కర్ వైపు తిరిగింది. "సర్, నేను ఆ రోజు గచ్చిబౌలి అన్నాను కానీ, టెంట్ హౌస్ వెతికినప్పుడు మాత్రం గోపన్‌పల్లి అనే కొట్టాను. గచ్చిబౌలి అని కొడితే వాళ్ళు మా ఇంటిదాకా రామంటారు."

ఉదయ్ భాస్కర్ కుర్చీలో వెనక్కి వాలాడు. "తప్పు నాదేనండీ, కాదనను. కానీ నేను ఈ ఊరివాణ్ణి కాదు కదండీ. మీరు చెప్పకపోతే నాకు ఎవరు చెప్తారు?" అన్నాడు. అందులో కోపం కంటే బాధే ఎక్కువగా ఉంది. ఆయన అన్నది నిజం.

ఆ మధ్యాహ్నమే పని మొదలైంది. ఊళ్ళను మళ్ళీ విడివిడిగా పెట్టి, ఏ షాపును ఆ ఊరి కిందికి మార్చారు. చిరునామాలు రెండోసారి మారడం మంచిది కాదు. పాత పేజీ నుంచి జోనుకు, జోను నుంచి ఊరికి, ఇలా తిప్పి తిప్పి పంపితే గూగుల్ విసుక్కుంటుంది. అందుకని మొట్టమొదటి అంకెల చిరునామాలను కూడా తిన్నగా ఊరి చిరునామాకే కలపాలి. "అక్కా, చేసిందే మళ్ళ చెయ్యాల్నా," అని ఓంకార్ మూలిగాడు. మూలుగుతూనే చేశాడు. ఈసారి ముహూర్తం ఎవరూ అడగలేదు.

అయితే గూగుల్‌కు తొందర ఉండదు. రోహిణి రోజూ వెతికి చూసేది. రెండో పేజీ చివరకు వచ్చింది, మళ్ళీ కిందికి పోయింది, మళ్ళీ వచ్చింది. శ్రావణం మాత్రం ఆగకుండా గడిచిపోయింది. పౌర్ణమికి ఒక్క గృహప్రవేశం దొరికింది, అంతే. అమావాస్య నాడు శ్యామ్ ఫోను చేస్తే, చవితి పనులు అయ్యాక మాట్లాడదామని బాలనర్సయ్య పెట్టేశాడు. ఆ ఒక్క వాయిదా అడగడానికే అతని తల దించుకుపోయింది. ఇచ్చిన మాట తప్పడం అతనికి అలవాటు లేదు.

వినాయక చవితికి ముందర, మిట్టమధ్యాహ్నం, ఫోను మోగింది. ఊరి చివర కొత్తగా లేచిన టవర్లవాళ్ళు. మండపం దగ్గర రోజూ అన్నదానానికి షామియానాలు, బగోనలు, కుర్చీలు కావాలి. "మీరు గోపన్‌పల్లిలోనే కదండీ? దగ్గరైతేనే కావాలి," అని అవతలి మనిషి అడిగాడు. "ఈడనే సార్, బొడ్రాయి కాడ," అన్నాడు బాలనర్సయ్య. ఆ సాయంత్రం ఇంకో రెండు వచ్చాయి. రోహిణి ఆఫీసులో తెర మీద చూస్తే వాళ్ళ నాయిన పేజీ పైనుంచి మూడోది. శ్యామ్ కంపెనీ దాని కింద ఉంది. ఆమె వెంటనే ఇంటికి ఫోను చేసింది, కానీ తండ్రి నంబరు బిజీగా ఉంది. అలా బిజీగా ఉండడం ఆమెకు ఎంత సంతోషమనిపించిందో చెప్పలేం.

నవరాత్రులకు షెడ్డు ఖాళీ అయింది. సరిపోక, ఆ శనివారం పేరు మార్చిన నలభై చిల్లర కుర్చీలు కూడా బండి ఎక్కాయి. నిమజ్జనం అయ్యాక సామాను వాపసు వచ్చింది. గోపన్‌పల్లి పేరున్న కుర్చీలు ఒక్కటి తప్పకుండా వచ్చాయి. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ కుర్చీలు ఒక్కటీ రాలేదు. టవర్ దగ్గర సెక్యూరిటీ లింగయ్యను అడిగితే అతను నాలుక కరుచుకున్నాడు.

"కింద రాసిన ఊరి పేరు చూసి శ్యామ్ సార్ కంపెనీవి అనుకున్న అన్నా. ఆడ వాళ్ళ కుర్చీలు గూడ ఉండె, వాటి మీద గూడ గదే పేరు. వాళ్ళ బండ్ల ఏసి పంపిన."

ఆదివారం బాలనర్సయ్య ట్రాలీ ఆటో తీస్తుంటే రోహిణి వచ్చి పక్కన ఎక్కి కూర్చుంది. నానక్‌రామ్‌గూడలో శ్యామ్ గోడౌను గేటు దగ్గర కాపలా మనిషి ఆపి, ఎక్కడినుంచి అని అడిగాడు. బాలనర్సయ్య నోరు తెరిచేలోపే రోహిణి చెప్పింది.

"గోపన్‌పల్లి టెంట్ హౌస్. బాలనర్సయ్య బిడ్డను. మా కుర్చీలు వచ్చినయి, తీస్కపోవాలె."

శ్యామ్ లోపలినుంచి నవ్వుతూ వచ్చాడు. "రా కాకా. ఇక్కడికి వచ్చినయి కదా, ఉండనీ. మిగిలినయి గూడ ఎప్పుడు పంపుతవో చెప్పు. శ్రావణం పోయింది, చవితి గూడ పోయింది."

బాలనర్సయ్య కుర్చీల వరుస దగ్గరికి వెళ్ళి, పైనున్న కుర్చీ దింపి బిడ్డ చేతికి ఇచ్చాడు.

"మాట తప్పుతున్న శ్యామ్. ఏమనుకోకు. అమ్మను."

తండ్రీకూతుళ్ళు ఒకరి తర్వాత ఒకరు కుర్చీలు మోస్తుంటే శ్యామ్ పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

సాయంత్రం షెడ్డు ముందు మళ్ళీ గోనెసంచి పరిచారు. గోపన్‌పల్లి అని కోసిన పాత రేకు మూల నుంచి వెతికి తీశారు. ఈసారి తెల్ల రంగు పూసింది బాలనర్సయ్య, రేకు పెట్టి ఎర్ర రంగు అద్దింది రోహిణి. అలవాటు లేని చేయి కదా, మొదటి కుర్చీ మీద రంగు కొంచెం కిందికి కారింది.

"తుడిచి మళ్ళ ఎయ్యాల్నా నాయినా?"

బాలనర్సయ్య కుర్చీని వెలుతురుకు తిప్పి చూశాడు.

"వద్దు బిడ్డా. ఊరి పేరు సదవొస్తున్నది కదా, చాలు," అని ఇంకో కుర్చీ ముందుకు జరిపాడు.